బొట్టున్న మీట

మా ఇంట్లో కంప్యూటర్ మీటల్లో ఒకదానికి బొట్టు ఉంది. ఎర్రటి, గుండ్రటి బొట్టుబిళ్ల. మనవరాలు అంటించింది. జిగురు పోయి రెండుసార్లు ఊడిపడితే నేనే అన్నం మెతుకు రాసి మళ్లీ అతికించాను. ఒక బిళ్ల పనికొస్తుండగా ఇంకో బిళ్ల తీయడం నాకు చేతకాదు.

ఆ బొట్టు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పాలంటే మా చెల్లెలి సంగతి చెప్పాలి. చెల్లెలి సంగతి చెప్పాలంటే ఆమె మీద నాకున్న కడుపుమంట కూడా చెప్పాలి. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను.

నేను కోరుట్లలో ఉంటాను. ఇంటాయన పోయిన తర్వాత పసుపు అమ్మకం పెట్టుకున్నాను. మెట్‌పల్లి నుంచి కొమ్ములు తెప్పించి, వీధి చివర గిర్నిలో పట్టించి, జల్లించి, ప్యాకెట్లు కట్టి పంపుతాను. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి హైదరాబాదుకు, బొంబాయికి, భీవండికి పోయినవాళ్లు అడుగుతారు. వాళ్ల అడ్రసులు ఫోన్లో మెసేజ్‌గా వస్తాయి. వాటిని చూసి అట్టముక్కల మీద నేనే రాస్తాను. నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు రాదు. కానీ ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ఇంగ్లీషు అక్షరాలు చూసి దింపగలను. నీలం పెన్నుతో, లావుగా. కొరియర్ ఆఫీసులో అతను ఒకసారి "అమ్మా, నీ రాత అచ్చేసినట్టున్నది" అన్నాడు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, మరిచిపోనూ లేదు.

మూడో తరగతిలోనే ఎందుకు ఆగానంటే, అప్పుడే చెల్లె పుట్టింది. అమ్మ బీడీలు చుట్టడానికి కూర్చుంటే పిల్లను ఎత్తుకునే మనిషి కావాలి కదా. నన్ను బడి మానిపించారు. ఐదేళ్ల తర్వాత ఆమెను చెయ్యి పట్టుకుని అదే బడికి దింపి వచ్చింది కూడా నేనే. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత సిరిసిల్లలో సాంచాలున్న ఇంటికి కోడలైంది. సాంచాలంటే మగ్గాలే, కరెంటుతో నడిచేవి. ఇప్పుడు వాళ్లకు షెడ్డు ఉంది, తువ్వాలలు, దుప్పట్లు నేయించి అమ్ముతారు.

చిన్నప్పుడు అమ్మ ఏదైనా తెచ్చి "ఎవరికి కావాల్నే?" అని అడిగేది. నేను "నాకొద్దు" అనేదాన్ని. పెద్దదాన్ని కదా. మళ్లీ అడుగుతుందని, బతిమాలుతుందని, అప్పుడు తీసుకుందామని నా ఆశ. చెల్లె మాత్రం చెయ్యి చాపేది. అమ్మకు రెండోసారి అడిగే అవసరం వచ్చేది కాదు.

అలా వద్దనడం నేర్పింది కూడా అమ్మే. ఎవరింట్లోనైనా వడ్డించబోతే మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టాలి. రెండోసారి చాలనాలి. మూడోసారి వేయించుకోవాలి. మొదటిసారికే పళ్లెం చాపితే ఆకలి మీద వచ్చినట్టు ఉంటుందని చెప్పేది. నేను ఇప్పటికీ అలాగే ఉన్నాను. చెల్లెకు కూడా అదే అమ్మ అదే మాట చెప్పింది. ఆమె వినలేదు, అంతే.

ఇక మనవరాలు. మా బిడ్డ కూతురు. జగిత్యాలలో ఇంజనీరింగ్ చదివింది. ఉద్యోగం హైదరాబాదు కంపెనీదే అయినా పని ఇంట్లోంచే. రాయికల్‌లో మా బిడ్డ ఇంట్లో నెట్ సరిగ్గా అందదని నా దగ్గరికి వచ్చింది. నాలుగేళ్లయింది. ముందు గదిలో కిటికీ కింద కూర్చుని పని చేసుకుంటుంది. ఆమె లేస్తే నేను ఫ్యాను ఆపుతాను. ఛార్జర్ గోడకే వదిలేసి పోతే ఆ స్విచ్చూ ఆపుతాను. అందుకు ఆమె నవ్వుతుంది, నేను నవ్వను. కానీ నెట్ కోసం వచ్చిన పిల్ల నెట్ కోసమే పోవచ్చునన్న భయం ఆ నాలుగేళ్లూ నాకు ఉంది. ఎవరికీ చెప్పలేదు.

మొన్నటి మాఘంలో జగిత్యాలలో మా మేనల్లుడు కొత్త ఇంట్లో పాలు పొంగించాడు. నేను, మనవరాలు వెళ్లాం. చెల్లె సిరిసిల్ల నుంచి వచ్చింది. భోజనాల దగ్గర మనవరాలిని మధ్యలో కూర్చోబెట్టుకుని చెరో పక్క కూర్చున్నాం. కేటరింగ్ అతను డబల్ కా మీఠా తెచ్చాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అతను "సరే అమ్మా" అని నన్ను దాటి పోయాడు. అంతే, మళ్లీ ఆ వరుసకు రాలేదు. చెల్లె రెండు ముక్కలు వేయించుకుంది.

ఆ సమయంలోనే మనవరాలు అంది.

"అమ్మమ్మా, మా ఆఫీసుల వాడే ఆటోమేషన్ మన ఆర్డర్లకు కూడా పెడ్త. మెసేజ్‌లకెల్లి అడ్రస్ అదే తీసుకుంటది. కొరియర్ పేజీల అదే నింపుతది. లేబుల్ అదే కొడ్తది. నువ్వు అంటియ్యాలె, గంతే. ఈ ఆదివారం పెట్టాల్నా?"

"ఎందుకు బిడ్డా, నా చెయ్యేమన్న పడిపోయిందా. వద్దు."

నా లెక్కలో అది మొదటి వద్దు. రెండోది సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను.

"నాకు పెట్టు బిడ్డా," అంది చెల్లె, నోట్లో తీపి ఉండగానే. "తువ్వాలలు అడిగినోళ్లకు దుప్పట్లు పోతున్నయి, దుప్పట్లు అడిగినోళ్లకు ఏం పోతలేవు. ఎప్పుడొస్తవ్?"

"శనివారం వస్త చిన్నమ్మమ్మా."

"బస్సు దిగంగనే ఫోన్ చెయ్యి, బండి పంపుత."

అయిపోయింది. నా రెండో వద్దు నాతోనే ఉండిపోయింది. పళ్లెంలో పప్పు అన్నం ఉంది, దాన్నే తిన్నాను.

కోరుట్ల బస్సులో ఉండబట్టలేక అడిగాను.

"గదెట్ల పెడ్తవే? కొనాల్నా?"

"కొనుడు లేదమ్మమ్మా. ఫ్రీనే."

"ఫ్రీగ ఎవలిస్తరు?"

"ఇస్తరు. ప్యాకేజ్ మేనేజర్ అని ఒకటుంటది. పెండ్లి సామానుకు సేటు దుకాణంల చిట్టీ ఇస్తరు గదా, గట్లనే. మనం ఒక్క పేరు రాస్తం. దానికి ఏమేం కావాల్నో అదే ఏరి, కట్టి, తెచ్చి ఇంట్ల సదురుతది."

"నాకూ మీ చిన్నమ్మమ్మకూ ఒక్కటే దుకాణమా?"

"కాదు. ఆఫీసోళ్లు నాకిచ్చింది మ్యాక్. చిన్నమ్మమ్మది విండోస్. మనింట్ల ఉన్నది లినక్స్. మూడింటికి మూడు దుకాణాలు, ముగ్గురు సేట్లు. చిట్టీ మీద రాసే పేరొక్కటే."

మా ఇంట్లోది పాత కంప్యూటర్. ఇక్కడ ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే, వేరే ఊళ్లో ఉండే నా కొడుకు వచ్చినప్పుడు ప్రింటర్‌తో కలిపి తీసుకున్నాడు. దానికి విండోస్ బరువైపోయి గంటకొకసారి ఆగిపోతుంటే, పారేయడానికి నేను ఒప్పుకోక, మనవరాలు లినక్స్ పెట్టింది. అదీ ఫ్రీయే. ఫ్రీ వస్తువు పక్కన పెట్టుకుని వద్దన్నానని ఆ రోజు బస్సులో నాకు తెలిసింది. చెల్లె తన పళ్లెంలో వేయించుకున్నాక తెలిసింది.

శనివారం పోయిన పిల్ల మంగళవారం వచ్చింది. ఒక్క రోజు పని అని పోయింది. సంచిలో చెల్లె ఇచ్చిన దుప్పటి. నీలం గళ్లది, మంచి నూలు. నేను దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాను, వంక దొరకలేదు.

అన్నం తింటూ అంతా చెప్పింది. సిరిసిల్ల కంప్యూటర్‌లో ఆ విండోస్ సేటు ప్రశ్న అడిగాడట. అవునా, కాదా, లేక అన్నిటికీ అవునా అని మూడు జవాబులు చూపించాడట.

"నేను చెప్పేలోపల్నే చిన్నమ్మమ్మ అన్నిటికి అని కొట్టింది. ఇంగ్లీషు 'ఏ' అక్షరం నొక్కాలె దానికి. ఇగ మల్ల అడగనే లేదు. చాయ తాగి వచ్చేవరకు అయిపోయింది. చిన్నమ్మమ్మ ఎంత ఫాస్టో."

"నీ దాంట్ల ఏమడిగింది?"

"మ్యాక్ ఏమీ అడగదు. పేరు చెప్తే తెచ్చి పెట్టేస్తది."

ఆ పూట ఆమె చిన్నమ్మమ్మ అన్న మాట పదకొండుసార్లు అంది. నేను కావాలని లెక్కపెట్టలేదు. చెవిలో పడుతుంటే లెక్క అదే తేలింది.

వారం తిరగకముందే నేను సిరిసిల్ల పోయాను. ఊరికే పోతే బాగుండదని పసుపు తీసుకున్నాను, అరకిలో. వేములవాడ మీదుగా బస్సులో కూర్చున్నంత సేపూ నా మనసులో ఒకటే ఉంది. అది అక్కడ పనిచేయకపోతే బాగుండు.

పనిచేస్తోంది. షెడ్డు పక్క గదిలో చెల్లె కుర్చీలో కూర్చుని చాయ తాగుతోంది. ఎదురుగా తెర మీద పేజీలు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి, గళ్లలో అక్షరాలు వాటంతట అవే పడుతున్నాయి. మనిషి చెయ్యి లేదు. ప్రింటర్ నాలుక చాపినట్టు లేబుళ్లు బయటికి తీస్తోంది. గోడ అవతల సాంచాల మోత. చెల్లె మోతకు అలవాటు పడ్డ గొంతుతో అరిచినట్టు మాట్లాడింది.

"చూసినవా అక్కా? మనం ముట్టుకునే పనే లేదు."

"అన్నిటికి అని కొట్టినవట. ఏమడుగుతున్నదో చదివినవా?"

"చదివితే ఏమొస్తది. పెడ్తున్నది మన పిల్ల. దానికి తెల్వదా?"

"ఇంట్లకు ఏమొస్తున్నదో చూసుకోవద్దా?"

"నువ్వు గట్లనే చూసుకుంట కూసో," అని నవ్వింది. "రా, పైన గది చూపిస్త."

పైన గది కొత్తగా సున్నం వేసి ఉంది. కిటికీ దగ్గర బల్ల, కుర్చీ. మంచం మీద నీలం గళ్ల దుప్పటే ఇంకోటి. గోడకు నెట్ డబ్బా మూడు ఆకుపచ్చ దీపాలతో. మా ఇంట్లో డబ్బాకు రెండే వెలుగుతాయి.

"పిల్లకు చూపిచ్చిన," అంది చెల్లె. "ఈడనే ఉండి పని చేస్కొమ్మన్న. మా సాంచాలోళ్లు ఇంకో నలుగురు గీ ఆటోమేషన్ పెట్టమని అడుగుతున్నరు. దానికి ఇక్కడైతే చేతినిండ పని."

"దానికి కోరుట్ల అలవాటు."

"అడిగిన. చూస్త చిన్నమ్మమ్మా అన్నది."

కింద షెడ్డులో ఒకతను పాత పడుగు చివరి పోగులకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా ముడివేస్తున్నాడు. తల ఎత్తడం లేదు. నేను అతన్నే చూస్తూ నిలబడ్డాను. చెల్లె మొహం చూస్తే నా మొహం ఆమెకు కనిపిస్తుందని. అరకిలో పసుపు ఇచ్చి, అన్నం తిని పొమ్మంటే వద్దన్నాను. ఆమె ఇంకోసారి అనలేదు. ఆకలితోనే బస్సు ఎక్కాను.

ఇంటికి వచ్చాక నాకు తెలిసిన దారిలో ప్రయత్నం చేశాను. అడ్రసులు లోపలి గదిలో రాసేదాన్ని, మనవరాలి ఎదురుగా కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మధ్యలో పెన్ను కింద పెట్టి మణికట్టు ఒత్తుకునేదాన్ని. ఒకసారి "అబ్బ" అని కూడా అన్నాను.

"నొస్తున్నదా అమ్మమ్మా?"

"నొవ్వదా మరి."

ఆమె లేచి వెళ్లి జండూ బామ్ డబ్బా తెచ్చి ఇచ్చింది, మళ్లీ పనిలో కూర్చుంది. చదువుకున్న పిల్లలకు మాటలో ఉన్నదే వినబడుతుంది. వెనక ఉన్నది వినబడదు. వద్దన్న మనిషిని మళ్లీ అడిగితే ఇబ్బంది పెట్టినట్టని ఆమె అనుకుంటుందట. తర్వాత చెప్పింది.

చివరికి నా రాతే నన్ను పట్టిచ్చింది. భీవండికి పంపిన పార్సిల్ తిరిగి వచ్చింది. పిన్‌కోడ్‌లో ఒకటిని ఏడుగా దింపానట. అచ్చేసినట్టు ఉందన్న అతనే దాన్ని నా చేతికి ఇచ్చాడు. మనవరాలు దాన్ని తిప్పి చూసింది. ఆదివారం పొద్దున అడగకుండానే పాత కంప్యూటర్ ముందు కూర్చుంది.

అడగలేదు కాబట్టి నేను వద్దనే పని లేకపోయింది. లోపల ఎంత సంతోషమైందో. పైకి మాత్రం "కరెంటు ఎంత కాలుతదో" అన్నాను.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టింది. ఒక ఖాళీ గీత దగ్గర ఆగి, తన బొట్టుబిళ్లల కార్డు తీసుకుని, ఒక బిళ్ల తీసి మీట మీద అంటించింది.

"ఇది వై. అవును అన్నట్టు. మన సేటు ఒక్కసారే అడుగుతడు. అడిగినప్పుడు బొట్టున్నది నొక్కి, గీ పెద్దది ఎంటర్ నొక్కు. నీ ఇంట్లకు వచ్చేది నీ చేతితోనే రానియ్యి."

"వద్దంటే ఏది?"

"ఎన్. గిది. కాని అది మనకు పనిలేదు."

అంతలో ఆమె ఫోన్ మోగింది. సిరిసిల్ల నుంచి. అక్కడ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందట. "ఒక్క నిమిషం అమ్మమ్మా, అడుగుతే నొక్కు," అని అరుగు మీదికి పోయింది. ఒక నిమిషం కాదు. కాగితం సంగతి మూడు మాటల్లో అయిపోయింది, తర్వాత నవ్వులు. నాకు ఇటువైపు మాటలే వినబడుతున్నాయి. "గట్లనా చిన్నమ్మమ్మా." "చూస్త చిన్నమ్మమ్మా." "గది మంచిగున్నది చిన్నమ్మమ్మా."

తెర మీద అక్షరాలు జరజరా పాకి ఆగాయి. ఇంగ్లీషు నాకు రాదు గానీ అంకెలు వస్తాయి. నలభై మూడు అని ఉంది. దాని పైన పేర్ల వరుసలు, నాలుగు వేళ్ల మందం. నేను చిట్టీలో రాయించింది ఒక్క పేరు. ఇంటికి వస్తున్నవి నలభై మూడు. సేటు తనకు తోచినవన్నీ మూటలో కట్టాడు. కింద ప్రశ్న ఉంది, ఒక వైపు వై, ఒక వైపు ఎన్. చెల్లె అయితే చదవకుండా అన్నిటికీ అనేది. నేను ఆమెను కాదు.

బయట ఇంకా నవ్వుతున్నారు.

ఇప్పుడు నేను ఏం చేశానో సరిగ్గా చెప్పాలి. పొరపాటున నొక్కలేదు. తెలిసే ఎన్ నొక్కాను, తెలిసే ఎంటర్ నొక్కాను. వద్దంటే సేటు దిగివస్తాడని, ఇరవై చేస్తాననో, ఇవి తప్పదమ్మా అనో మళ్లీ అడుగుతాడని నా నమ్మకం. నా బతుకులో ఏ దుకాణదారూ ఒక్క మాటకు మూట విప్పుకుని పోలేదు. ఇంకా ఒకటి ఉంది. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి వచ్చి "ఎందుకు వద్దన్నవ్" అని నా దగ్గర కూర్చోవాలని కూడా ఉంది.

తెర మీద ఒక్క మాట వచ్చి ఆగిపోయింది. తర్వాత ఖాళీ గీత. అది మళ్లీ అడగలేదు.

మనవరాలు వచ్చింది, చూసింది.

"వద్దన్నవా?"

"నలభై మూడట."

"దానికి కావాల్సినవే అమ్మమ్మా అవన్నీ."

"నేను ఒక్కటి అడిగిన."

"సరే," అంది. "నీకు ఇష్టం లేకపోతే వద్దు. జగిత్యాలల్నే చెప్పినవ్ నువ్వు, నేనే వినలె." కంప్యూటర్ ఆపింది. ఎప్పుడూ నేను ఆపే స్విచ్ కూడా ఈసారి ఆమే ఆపింది.

ఆ మధ్యాహ్నం చారు పోసుకుంటూ తల దించుకునే అడిగింది.

"చిన్నమ్మమ్మ పై గది ఇస్తనంటున్నది. ఇక్కడ నేను లైట్లు ఎక్కువ కాలుస్తున్న, నీ పనికి కూడా అడ్డం అయితున్న. అక్కడికి పోదునా? ఏమంటవ్?"

నేను అన్నది రెండు మాటలు. "నీ ఇష్టం."

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆ మాట అంటే పోవద్దని అర్థం. ఆ మాట విని ఎవరైనా పోయినట్టు నేను చూడలేదు. ఆమె తల ఊపి, పళ్లెం కడిగి, సంచి కిందికి దించింది.

సోమవారం పొద్దున తొమ్మిది గంటల బస్సు. నేను తెల్లవారకముందే లేచి దారికి సర్వపిండి కాల్చాను. ఆమె గదిలో బట్టలు మడతపెడుతోంది. నీలం గళ్ల దుప్పటి అన్నిటికంటే పైన పెట్టింది. నేను ముందు గదిలోకి పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వేయడం నాకు తెలుసు, ఆపేది నేనే కదా. వెలిగింది. బొట్టు మీట మీద వేలు పెట్టి నొక్కాను. ఏమీ కాలేదు. ఎంటర్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను.

"ఏం చేస్తున్నవ్ అమ్మమ్మా?" గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో దువ్వెన.

"దాన్ని ఇంకోపారి అడగమను."

"దేన్ని?"

"గా సేటును. నలభై మూడు తెస్తనన్నడు గదా. మల్ల అడగమను."

"అది మల్ల అడగదు అమ్మమ్మా. వద్దంటే పోతది. మనమే మల్ల అడగాలె."

ఆమె మామూలుగా చెప్పింది. నాకు మాత్రం అరవై ఏళ్ల కిందటి వాకిలి కనిపించింది. అమ్మ చేతిలో బెల్లం ముక్క, చెల్లె చాపిన చెయ్యి, పక్కన వద్దని నిలబడ్డ నేను. మళ్లీ అడుగుతుందని ఎంతసేపు నిలబడ్డానో. చెల్లె నా దగ్గర్నుంచి ఏదీ గుంజుకోలేదు. ఆమె మీద కోపం తగ్గిందని మాత్రం చెప్పను. తగ్గలేదు. ఇంత చిన్న సంగతి ఆమెకు ఐదేళ్లకే ఎట్లా తెలిసిందని ఇంకాస్త పెరిగింది.

"అయితే నేనే అడుగుతున్న," అన్నాను. గొంతు ఎప్పటిలాగే గట్టిగా వచ్చింది, మెత్తగా తేవడం నాకు రాదు. "పోకు. ఈడనే ఉండు."

దువ్వెన చేతిలోనే ఆగింది.

"నిన్న నీ ఇష్టం అంటివి?"

"అంటే పోవద్దని."

"గట్ల చెప్పాలె గదా అమ్మమ్మా. నాకెట్ల తెలుస్తది?"

"ఇప్పుడు చెప్పిన గదా. ఇంకోసారి చెప్పించకు."

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. నిన్న కొట్టిన అక్షరాలే మళ్లీ కొట్టింది. పేర్ల వరుసలు వచ్చాయి, నలభై మూడు వచ్చింది, ప్రశ్న వచ్చింది. ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. నేను బొట్టు మీట నొక్కాను, పెద్ద మీట నొక్కాను. గీతలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఒక్కొక్క మూట పేరు, దాని పక్కన అది విప్పినట్టు గుర్తు. ఆమె చదివి వినిపించింది, నాకు ఒక్కటీ అర్థం కాలేదు, అయినా చివరిదాకా చదవమన్నాను. చాయకు లేవలేదు.

తొమ్మిది గంటల బస్సు పోయింది. చెల్లె ఫోన్ చేసింది. నేనే ఎత్తాను.

"పిల్ల బస్సెక్కిందా అక్కా? బండి పంపాల్నా?"

"ఎక్కలె. ఈడనే ఉంటది. నేనే ఉండుమన్న."

అవతల సాంచాలు మోగుతున్నాయి.

"నువ్వు ఉండుమన్నవా?" అంది చెల్లె.

"ఏం, అనొద్దా?"

"అనొద్దంటున్ననా. ఎన్నడూ అనవు గదా అని." తర్వాత కొంచెం గొంతు తగ్గించి అడిగింది. "మరి నాకు సాంచాలోళ్ల పని ఉండె అక్కా. వారంల రెండు రోజులన్న పంపుతవా?"

చూశారా, అక్కడ కూడా అడగనే అడిగింది. ఒక్క రోజు అందామనుకున్నాను. మనవరాలు నా మొహమే చూస్తోంది. "రెండు రోజులు," అన్నాను. "అన్నం మంచిగ పెట్టు. దుప్పట్లియ్యకు, ఇంట్ల ఉన్నయి."

"నీ దాంట్ల ఎన్ని వచ్చినయక్కా? నా దాంట్ల పదకొండే వచ్చినయట."

"నలభై మూడు," అన్నాను, తొందరపడకుండా.

మధ్యాహ్నానికి మొదటి లేబుల్ వచ్చింది. భీవండిదే. అంకెలు ఒక్కొక్కటి వేలు పెట్టి ఫోన్‌తో సరిచూశాను. ఒకటి ఒకటిగానే ఉంది. నా రాత దాని కంటే అందంగా ఉండేదని అన్నాను, మనవరాలు అవునంది. పాత అట్టముక్కలు పారేయలేదు, వెనకవైపు ఖాళీగా ఉంది.

ఆమె సంచి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, ఆ రెండు రోజులకని రేపు మంగళవారం ఎలాగూ సిరిసిల్ల పోవాలి కదా అని విప్పలేదు. ఛార్జర్ ఒక్కటి బయటికి తీసి గోడకు పెట్టి, స్నానానికి పోయింది. ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు, ఖాళీ తీగ, స్విచ్ వేసి ఉంది. నేను దాని దగ్గరికి వెళ్లాను, కాసేపు నిలబడ్డాను. ఆపకుండానే వంటింట్లోకి వచ్చాను.